ఆవా, కంప్యూటరా?

కుసుమ మౌసుతో దూడ బొమ్మ మీద నొక్కింది. "అంబా!" అని కంప్యూటర్‌లో దూడ అరిచింది. ఆ వెంటనే వెనక కొట్టంలోంచి ఆవు కూడా అరిచింది.

"ఆపు పాపా! దూడ పోయి కడుపు కాలి ఉండాది. దాన్ని యాల ఏడిపిస్తావు?" సుభద్రమ్మ మనవరాలిని కసిరింది.

మునిచంద్రకు ఒళ్లు మండింది. కూతురు ఇంట్లోనే కూర్చుని జంతువుల గురించి నేర్చుకుంటుందని మదనపల్లె పోయి కంప్యూటరూ, జంతువుల సీడీ కొనుక్కొచ్చాడు. పుంగనూరులో ఆ వీధికంతా అదే మొదటి కంప్యూటరు. తల్లికి మాత్రం అది కంట్లో నలుసు.

"ఇంటెనకాల ఆవు ఉండాది, గోడ మీద కాకి ఉండాది. పెట్టెలో సూసి నేర్చుకునేదేందప్పా? అమ్మి పారెయ్!"

"అమ్మాల్సింది నీ ఆవునమ్మా. దూడ పోయినప్పట్నుంచి చుక్క పాలిస్తాండాదా? పితకబోతే తంతాది. ఆదివారం కుప్పం నుంచి ఆవుల బేరగాడు రెడ్డెప్ప వస్తాండాడు, తోలేస్తా."

ఆ పొట్టి ఆవు సుభద్రమ్మ చేతుల మీద పుట్టి పెరిగింది.

"అంతలోపల పాలిస్తేనో?" అంది ఏడుపు గొంతుతో.

"ఇస్తే ఆవుంటాది. నువ్వు చెప్పినట్టు కంప్యూటరే అమ్మేస్తా, సరేనా?" ఎలాగూ ఇవ్వదని అతని ధీమా.

మర్నాడు కుసుమ కంప్యూటర్ బల్లను వెనక కిటికీ దగ్గరికి జరిపించింది. "ఈడైతే గాలి తగుల్తాది నాయనా, పెట్టె వేడెక్కదు." పిల్ల తెలివికి మునిచంద్ర పొంగిపోయాడు.

ఆదివారం అతను పొద్దెక్కి లేచేసరికి రెడ్డెప్ప పలుపుతో సహా దిగి ఉన్నాడు. సుభద్రమ్మ చెంబు నిండా నురగలు కక్కే పాలు తెచ్చి ఇద్దరి ముందూ ఠంగున పెట్టింది. రెడ్డెప్ప కాఫీ తాగి, ఉత్త చేతులతో కుప్పం బస్సెక్కాడు.

మునిచంద్ర ముఖం మాడిపోయింది. ఏం చేస్తాడు, ఇచ్చిన మాట! కంప్యూటర్ తీగలు పీకబోయాడు.

"వొద్దప్పా!" సుభద్రమ్మ పరుగున వచ్చి అడ్డం నిలబడింది. "దాన్ని ముట్టుకుంటే నా మీద ఒట్టే!"

"నువ్వే కదమ్మా అమ్మమన్నావు?"

"తెలీక అన్నానప్పా. బిడ్డ సదువుకోవల్ల గదా!"

మునిచంద్రకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు అమ్మకు చదువు విలువ తెలిసిందని వీధంతా చెప్పుకుని, సాయంత్రం మురిసిపోతూ ఇంటికొచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి కుసుమ కేక వినిపించింది.

"చెంబు పెట్టినావా అవ్వా, దూడను నొక్కుతాండా!"