ఆకుపచ్చటావిడ

ఆమె కత్తెర విసిరికొట్టింది.

"ఇక నావల్ల కాదు బావా! ఆవిడ మళ్ళీ ఆ గోడమీద కనిపించింది."

నాటకశాల కోసం ఆమె కుడుతున్న ఎర్ర తెర గదంతా పరుచుకుని ఉంది. సగం తెర కుట్టుమిషనుకు ఎదురుగా దండెం మీంచి వేలాడుతోంది. పక్కనున్నది ఒట్టి తెల్ల గోడ. బావ ఆ గోడను పైకీ కిందికీ చూశాడు.

"ఎవరే ఆవిడ?"

"ఆకుపచ్చటావిడ. కుడుతూ కుడుతూ తలెత్తి గోడ చూస్తే చాలు, నాకేసే చూస్తుంటుంది. కాసేపటికి మాయం. నాకు పిచ్చెక్కింది బావా. నీ తోడల్లుడికి తెలిసిందంటే మిషను అమ్మేసి నన్ను ఆసుపత్రిలో పడేస్తాడు."

ఆమెకు ఏడుపొచ్చేసింది. బావ కళ్ళద్దాల దుకాణం నడిపే మనిషి. నవ్వే సందర్భమేనా అది? కానీ మరదలు ఇలా దొరికితే ఏ బావ ఊరుకుంటాడు! పకపకా నవ్వాడు.

"ఓసి పిచ్చిమొహమా! పొద్దస్తమానం ఎరుపే చూస్తుంటే కంటికి ఎరుపు మొహం మొత్తుతుంది. తెల్లగోడ చూడగానే అదే ఆకారం ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇందులో దయ్యమూ లేదు, పిచ్చీ లేదు."

కిందపడిన ఎర్ర పీలిక ఒకటి తీసి ఆమె ఎదుట పట్టాడు.

"రెప్ప వెయ్యకుండా దీన్నే చూడు... చూడు... ఇప్పుడు గోడ చూడు."

"అమ్మో! ఆకుపచ్చ పీలిక!"

పీలికను ఆమె మొహానికి దగ్గరగా తెచ్చి మళ్ళీ చూపించాడు. "ఇప్పుడో?"

"ఇందాకటికంటే పెద్దగా ఉంది!"

"దగ్గరికొచ్చేకొద్దీ పెద్దదవుతుంది మరి. ఎదురుగా ఏదుంటే గోడమీద అదే. లేనిది కనబడదు."

"ఒట్టు?"

"మీ అక్క మీదొట్టు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పిచ్చీ లేదు, మిషనూ ఎక్కడికీ పోదు. కళ్ళు తుడుచుకుని, సిగ్గుపడుతూ నవ్వి, సూదిలోకి దారం ఎక్కించబోతూ తెరకేసి చూసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా గోడవైపు తిరిగింది. చేతిలోని దారం జారిపోయింది.

"ఎదురుగా ఉన్నదే కనబడుతుందన్నావు కదూ బావా?"

"అంతేగా మరి!"

"మొదటిరోజు ఆవిడ అరచెయ్యంతే ఉంది. ఇవాళ గోడంతా కలిపినా ఆవిడ మొహం ఒక్కటే పట్టింది."