గట్టయ్య చుక్క

చట్టం పబ్బుల్లో బీరు గ్లాసు కొలతను ఏటా వేలెడు చొప్పున తగ్గించుకుంటూ వచ్చి, చివరికి చింతగింజంత చేసింది. మనిషికి రోజుకు ఒక్కటే; వేలిముద్ర పడితేనే కుళాయి కారుతుంది. అందులో పడిన ఈగ మునగడానికి బీరు చాలక, మోకాళ్ల లోతులో కాసేపు నిలబడి ఎగిరిపోతుందని సిద్దిపేటలో చెప్పుకునేవారు.

ఆ మధ్యాహ్నం పబ్బులో ఓదెలూ, అతని స్నేహితుడు గట్టయ్య భార్య మల్లవ్వా ఎదురెదురుగా కూర్చున్నారు. గట్టయ్య పోయి సరిగ్గా ఏడాది. తాగేముందు అతని పేరున నేలమీద ఒక చుక్క వదులుతానని, పాడె మోసిననాడు ఓదెలు మాటిచ్చాడు.

ఓదెలు గ్లాసులోకి చూశాడు. ఉన్నవే మూడు చుక్కలు. ఒకటి వదిలితే నాలుకైనా తడవదు. మల్లవ్వ కొంగు సర్దుకునేలోపు గుటుక్కున మింగేశాడు.

"పోసినవా బావా?"

"ఎప్పుడో పోసిన. ఫ్యాను గాలికి ఆరిపోయింది."

మల్లవ్వ పొడి నేలను చూసింది. అతని తడి మీసాన్నీ చూసింది. తన గ్లాసు మొత్తం నేలమీద ఒంపేసింది.

"కలలకొచ్చి అడిగితే నువ్వే పోసినవని చెప్త తియ్," అంది.

మీసం మీది తడి తుడుచుకోవడానికి కూడా ఓదెలుకు చెయ్యి రాలేదు.