నిలవనిది

"సెకండ్ హ్యాండ్ సరుకంతే. ఎంత ఛార్జి పెట్టినా నిలవదు," అంది అత్త, మొదటిది నిలవట్లేదని పారేసి కారుకి బిగించిన పాత బ్యాటరీని చూస్తూ.

మొదటి కోడలు కాపురానికి నిలవలేదని పంపించేసి, ఇదివరకే ఒకసారి పెళ్లయినదాన్ని కోడలిగా తెచ్చుకున్న ఇల్లు అది. ఆ మాట కొత్త కోడలికి తగలాల్సిన చోటే తగిలింది.

ఆమె బానెట్ దించలేదు. నెగటివ్ వైరు విప్పి, వైరుకీ బ్యాటరీకీ మధ్య చిన్న బల్బు కలిపింది. కారుకి తాళంచెవి పెట్టకపోయినా బల్బు వెలిగింది.

"చూశారా? బండి ఆపినా ఏదో కరెంటు తాగుతోంది."

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకింది. డిక్కీ లైటు ఫ్యూజు పీకగానే బల్బు ఆరిపోయింది.

"డిక్కీ మూసినా లోపల లైటు ఆరట్లేదు. బ్యాటరీ నిక్షేపంలా ఉంది. లోపం మీ కారులోనే."

"మా కారుకేం? కొన్నప్పట్నుంచీ ఒక్క చెయ్యి మారలేదు!"

"అందుకే దాన్నెవరూ విప్పి చూడలేదు. తప్పంతా బయటినుంచి వచ్చినదానిదే అనేశారు."

అత్త ఆ ఫ్యూజుని చేతిలోకి తీసుకుంది.

"అయితే ఇంతకుముందు పారేసింది కూడా మంచిదేనా?" మెల్లగా అడిగింది.

కోడలు చేతులు తుడుచుకుని ఆమె కళ్లలోకి చూసింది.

"బ్యాటరీ సంగతా అత్తయ్యా, మొదటి కోడలి సంగతా?"