గూడేనికి ఒక్క కుర్చీ

"అవ్వా, అబద్ధం చెప్పకు. ఈ కుర్చీ నీది కాదు!"

సర్వేకొచ్చిన వనజ గొంతు లేచింది. కొత్తగూడెం నుంచి వచ్చి, బండి వాగు ఒడ్డున వదిలి, అడవిలో నడిచిన అలసటంతా ముసలి జంపక్క మీద కోపమై కూర్చుంది.

జంపక్క తొణకలేదు. "నాదని నేనన్ననా? నువ్వు అడగలే, నేను చెప్పలే. ముందు కూసో బిడ్డా, ఎండల పడి వచ్చినవ్."

వనజ కూర్చోలేదు. ఎలా కూర్చుంటుంది? పొద్దుటినుంచి ఏ గుడిసెకు వెళ్లినా ఈ నీలం కుర్చీయే వేశారు. దాని విరిగిన చేతికి నార కట్టు కూడా అదే! ఆమె ముందు వాకిట్లోంచి బయటికి వస్తుంటే, కుర్చీ వెనక దొడ్డిదారిన పక్కింటికి పరుగెత్తేదన్నమాట. తనేమో ఇంటింటికీ 'కుర్చీ ఉంది' అని ట్యాబ్‌లో నొక్కుకుంటూ వచ్చింది.

"మీ మర్యాద పాడుగాను! ఇంటింటికి సామాను ఉన్నట్టు పడ్డది. గూడెంల బీదోళ్లే లేరని లెక్క తేల్తది. ఒంటరి ఆడోళ్ల కింద నీకొచ్చే ఇల్లు గూడ పోతది. పైన చూడు, కప్పుల నుంచి ఆకాశం కనబడ్తంది."

జంపక్క పైకి చూసింది. నిజమే, కనబడుతోంది. వానలు రేపో మాపో అన్నట్టున్నాయి.

"ఇల్లు వస్తె మంచిదే, రాకుంటె మానె. మా గడప తొక్కినోళ్లను నేల మీద కూసోబెట్టినమన్న మాట మాత్రం రానియ్యం."

గుమ్మంలో నిలబడ్డ పక్కింటి దస్రు "అవ్" అంటూ ఛాతీ విరిచాడు.

వనజ కాస్త మెత్తబడింది. "సరే, కుర్చీ అసలు ఎవరిదో చెప్పున్రి. వాళ్లకొక్కరికే ఉంచి మిగతా ఇండ్లల్ల తీసేస్త."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"మా గూడెంల ఎవ్వరిదీ కాదు," అన్నాడు దస్రు.

"మరెక్కడిది? ఎత్తుకొచ్చిన్రా ఏంది?"

ఆ మాటకు జంపక్క వంగిన నడుము నిటారుగా లేచింది. కుర్చీని కొంగుతో తుడిచి, రెండు చేతులా ఎత్తి వనజ ముందు పెట్టింది.

"మీదే బిడ్డా. నిరుడు సర్వేకని జీపుల ఏస్కొచ్చిన మీ సారు, వాగు పొంగుతాందని దీన్ని ఈడనే ఇడిసి ఉరికిండు. మీ సర్కారు సొమ్మని పదిలంగ దాసినం. మా గూడెంల ఇంతవరకు ఒక్కరం గూడ దీంట్ల కూసోలే!"