ముక్కు తాత

కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ముసలాయన సంచి విప్పించారు.

లోపల పది పన్నెండు బంగాళదుంపలున్నాయి. సగానికి పైగా కుళ్లినవే. నల్లటి నీరు కారి సంచి అడుగు తడిసిపోయింది.

"రోజూ ఇలాగే పట్టుకెళ్తున్నావా?" అని మేనేజరు అడిగాడు.

"రోజూ ఉండవు బాబూ. ఉన్న రోజు ఏరేస్తాను."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తనను చూసే నవ్వారనుకున్నాడు మేనేజరు. జేబులు కూడా వెతకమని వాచ్‌మన్‌కు చెప్పాడు.

ముసలాయన రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. జేబుల్లో కళ్లజోడు, చేతిరుమాలు తప్ప ఏమీ లేవు.

ఆ కోల్డ్ స్టోరేజీకి మేనేజరు వచ్చి ఆరు నెలలైంది. వచ్చిన కొత్తలో గేటు బయట ట్రాక్టర్లు రెండేసి రోజులు బారులు తీరి ఉండేవి. ఎవరి బస్తా ఏ గదిలో ఉందో వెతకడానికే ఒక పూట పట్టేది. అతను ప్రతి బస్తాకూ బార్‌కోడ్ చీటీ అంటించాడు. ఏ రైతు ఏ గంటకు రావాలో ముందురోజే ఫోనుకు కబురు వెళ్లేలా చేశాడు. ఏ గదిలో ఎంత చల్లగా ఉందో తన బల్ల మీది కంప్యూటర్లోనే కనిపించే ఏర్పాటు చేశాడు. బారులు మాయమయ్యాయి. రైతులే మెచ్చుకున్నారు. ఆ మెప్పులో అబద్ధం లేదు.

అతని పద్ధతిలో ఇమడనిది ఈ ముసలాయన ఒక్కడే.

జీతాల పట్టీలో ఆయన పేరు లేదు. ఏ కాంట్రాక్టరు మనిషీ కాదు. అయినా పొద్దున్నే వచ్చి, పాత ఉన్ని కోటు తొడుక్కుని గదుల్లోకి వెళ్లేవాడు. వరుసల మధ్య అడ్డంగా దూరి, బస్తా బస్తాకూ ముక్కు ఆనించి వాసన చూసేవాడు. అందుకే కూలీలు ముక్కు తాత అనేవాళ్లు. అనుమానం వచ్చిన బస్తాను దించి విప్పమనేవాడు. అలా దించమన్నప్పుడల్లా లోడింగు పావుగంట ఆగిపోయేది.

పాతికేళ్లుగా అక్కడే పనిచేస్తున్న మెషిన్ ఆపరేటరు ముందుకొచ్చాడు.

"సార్, ఆయన..."

"మీ చుట్టమా?"

"కాదు సార్."

"అయితే మీ పని మీరు చూసుకోండి."

ఆపరేటరు మెషిన్ గదిలోకి వెళ్లిపోయాడు.

ముసలాయన మెల్లగా చేతులు దించాడు. "మూడో గదిలో వెనక మూలకు గాలి అందట్లేదు బాబూ. అక్కడున్నవన్నీ విత్తనం దుంపలు. వారానికోసారైనా బస్తాలు కిందామీదా చేయించండి," అన్నాడు.

మూడో గదిలో చలువ సరిగ్గానే ఉందని కంప్యూటరు చెబుతోంది, నువ్వు చెప్పనక్కర్లేదు అన్నాడు మేనేజరు. ఇంకోసారి లోపల కనిపిస్తే పోలీసులకు అప్పగిస్తానని కూడా అన్నాడు.

ముసలాయన మళ్లీ రాలేదు.

నలభై రోజులు గడిచాయి. కంప్యూటర్లో అంకెలు కదల్లేదు. లోడింగు ఒక్క నిమిషం ఆగలేదు. పై ఆఫీసు నుంచి మేనేజరుకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది.

దుంప నాటే రోజులు దగ్గరపడ్డాక మూడో గది తెరిచారు.

ముందు వాసన గుప్పుమంది. మొదటి వరుసలు బాగానే ఉన్నాయి. నాలుగో వరుస దగ్గర కాళ్లు జారాయి. వెనక మూల బస్తాను పట్టి లాగితే గోనె చేతికొచ్చింది, లోపలిదంతా గుజ్జై కూలీల కాళ్ల మీద పడింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటూ కుళ్లు సగం గదిని తినేసింది. నూట నలభై మంది రైతుల విత్తనం.

కబురు అందినట్టే, ఎవరి గంటకు వాళ్లు వచ్చారు.

ఎవరూ అరవలేదు. ఒకావిడ మాత్రం ఫోను చూపించి, తన వంతు తొమ్మిదిన్నరకని, ఇప్పుడు పదవుతోందని చెప్పింది. విషయం తెలిశాక అక్కడే గోడకు ఆనుకుంది.

"దుక్కి దున్ని ఉంచాం అయ్యా. ఇప్పుడేం నాటమంటారు?"

మేనేజరు పై ఆఫీసుకు ఫోను చేశాడు. దానంతటది చెడిపోయిన సరుకుకు కంపెనీ బాధ్యత వహించదని ఒప్పందంలో ఉంది, చదివి వినిపించి పంపేయమన్నారు.

చదివాడు. వాళ్లు విన్నారు. ఖాళీ ట్రాక్టర్లు వెనక్కి తిప్పుకున్నారు.

సాయంత్రం మేనేజరు తనే మెషిన్ గదికి వెళ్లాడు. మిగతా గదులనైనా కాపాడుకోవాలి, ఆ ముసలాయన్ని పిలుచుకు రమ్మన్నాడు.

మధ్యాహ్నమే వెళ్లి వచ్చానన్నాడు ఆపరేటరు. ఆయన అద్దెకున్న గదికి తాళం వేసి ఉందట. తనకు ఇక్కడ ఇంక పని లేదని చెప్పి, నెల కిందటే ఊరు విడిచిపోయాడట. ఎక్కడికో ఇరుగుపొరుగుకు తెలియదు.

"అసలెవరాయన?"

ఆపరేటరు చేతుల మసి గుడ్డకు తుడుచుకున్నాడు.

"పదకొండేళ్ల కిందట కూడా ఇదే గది ఇలాగే కుళ్లింది సార్. అప్పుడూ ఒప్పందంలో ఇదే మాట ఉంది. కానీ అప్పటి ఓనరు దాన్ని బయటికి తియ్యలేదు. ఇల్లమ్మాడు. చాలక ఈ కోల్డ్ స్టోరేజీనే మీ కంపెనీకి అమ్మేసి, ప్రతి రైతు చేనికీ విత్తనం తోలించాడు."

"ఆ ఓనరు ఏమయ్యాడు?"

"అమ్మిన మర్నాటి నుంచి మీరు పొమ్మన్న రోజుదాకా, మళ్లీ ఎవరి విత్తనమూ పోకూడదని, జీతం లేకపోయినా రోజూ పొద్దున్నే ఇక్కడికి వచ్చేవాడు సార్."