దొంగాట

"మళ్ళీ పాము మింగింది నిన్ను. దిగు కిందికి!" అంది అమ్మమ్మ.

పాము మింగింది అమ్మమ్మ కాయని. మంచం మీద పరిచిన పాములూ నిచ్చెనల పటంలో అది ఎవరికైనా కనబడుతుంది. అయినా ముసలావిడ తన ఎర్ర కాయని దర్జాగా పై గడిలోకి జరిపి, మనవరాలి పచ్చ కాయని పాము తోకదాకా ఈడ్చింది.

ఎనిమిదేళ్ళ మనవరాలు గుడ్లురిమి చూసింది. తల వెనక కట్టు. మెదడులోంచి కణితి తీసిన చోటది. పచ్చ కాయని మళ్ళీ పైకి పెట్టుకుంది. అమ్మమ్మ మళ్ళీ కిందికి లాగింది.

"ఏడుపొస్తోందా? ఏడువు. నాకేం భయమా?"

పక్క మంచం దగ్గర, ఖాకీ చొక్కాలోనే ఉన్న బస్సు కండక్టరు పళ్ళు నూరుకున్నాడు. కూతుర్ని తీసుకుని పొద్దున్నే ఈ వార్డుకి వచ్చాడు. అప్పటినుంచీ ఈ దొంగాటే చూస్తున్నాడు. రేపు తన బిడ్డకీ ఇదే ఆపరేషన్. ఇలాగే కట్టుతో పడుకుంటుంది. పక్కన ఈ గయ్యాళి!

నర్సుకి చెప్పాడు. ఆవిడ సెలైన్ గొట్టం సరిచేసి, విననట్టే అవతలికి పోయింది. పిల్ల తల్లికి చెప్పాడు. కిటికీ దగ్గర నిలబడ్డ ఆమె, "చాల్లే అమ్మా, దాన్ని విసిగించకు. ఇంకెన్నాళ్ళిలా?" అంది నీరసంగా.

"నీకు ఓపిక లేకపోతే కాసేపు బయట కూర్చో. నేను మాత్రం వదలను."

ఈసారి అమ్మమ్మ పాచిక వేయకుండానే ఆరు గడులు నడిచేసింది. పిల్ల వంతు రాగానే పాచికని గుప్పిట్లో దాచేసింది. పిల్ల ముఖం కందగడ్డయింది. అరచేత్తో మంచాన్ని దబదబా బాదింది.

కండక్టరు ఇక ఆగలేకపోయాడు.

"మనిషివా, రాక్షసివా పెద్దమ్మా? తల కోయించుకున్న పసిదాంతో మోసమా? ముందు బయటికి నడు!"

"దిగమనడానికి ఇది నీ బస్సు కాదు నాయనా."

"సెక్యూరిటీని పిలుస్తా!"

"పిలువు. పెద్ద డాక్టర్నీ పిలువు. ఎవరు గెంటినా కదలను." ముసలావిడ కాళ్ళు మడిచి మంచమ్మీద ఇంకాస్త గట్టిగా కూర్చుంది. "ఇది పొమ్మంటే పోతా. అదీ తన నోటితో చెప్పాలి. అడుగు!"

కండక్టరు పిల్లవైపు వంగాడు. "చెప్పమ్మా, భయపడకు. నేనున్నా."

అమ్మమ్మ ఎర్ర కాయని ఆఖరి గడిలో ఠప్పున పెట్టింది. "నేను గెలిచా! నువ్వు ఓడిపోయావు, మొద్దూ!"

పిల్ల పెదాలు వంకర తిరిగాయి. మెడ నరాలు ఉబ్బాయి.

"దొం... గ," అంది ముద్దముద్దగా. "పో!"

"విన్నావుగా? ఇక నడు," అన్నాడు కండక్టరు, గెలిచినట్టు.

అతని మాట ఎవరూ వినలేదు. నర్సు చేతిలో ట్రే అక్కడే పడేసి డాక్టరు కోసం పరిగెత్తింది. తల్లి కిటికీ వదిలి ఒక్క ఉదుటున మంచం దగ్గరికి వచ్చింది. అమ్మమ్మ మనవరాలి చేతులు రెండూ ఒడిసి పట్టుకుంది.

"పోను. ఏం చేస్తావే? ఇంకోసారి తిట్టు!"

కణితి తీసిన రోజు మూగబోయిన ఆ గొంతు, మళ్ళీ ఇవాళే పెగిలింది.