హాగరు అధ్యాయం

ఇరవై ఒకటో అధ్యాయం వదిలేసి ఇరవై రెండుకు పోతే ఎవరూ గమనించరనుకున్నాడు ఈరయ్య.

తాండూరు బండల గనుల పక్కన రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన గది. ఈరయ్య అక్కడ సువార్తికుడు. ఆ ఏడు, పంతొమ్మిది వందల అరవైలో, ఎండలు ముదిరినప్పటి నుంచి రోజూ పొద్దున ఆదికాండం మీద ధ్యానం చెబుతున్నాడు. రోజుకు ఒక అధ్యాయం. గనికి పోయేవాళ్లు సుత్తెలూ ఉలులూ గోడకు ఆనించి, కాసేపు కూర్చుని విని పోయేవాళ్లు. ఈరయ్య గొంతు మంచిది. నోవహు ఓడ కథ చెప్పిన రోజున, చినుకు చూసి నెలలైన ఆ జనం వాన మొదలైందేమోనని కప్పు వైపు చూశారు.

చంద్రవ్వ రాకుండా ఉంటే అంతా బాగానే సాగేది.

ఆమె కొత్తగా, ఎదిగిన కొడుకుతో కలిసి కొడంగల్ వైపు నుంచి గని పనికి వచ్చింది. బాప్తిస్మం లేదు. పాటలు రావు. గడప బయటే కూర్చునేది. ధ్యానం అయ్యాక, అందరూ లేచే వేళకు ఏదో ఒకటి అడిగేది.

“అయ్యా, పండు తిన్నది ఆదామే గద. మరి ఆడామె ఇచ్చిందని ఎందుకు చెప్పిండు?”

జనం నవ్వారు. ఈరయ్య నవ్వలేదు.

ప్రాణభయంతో అబ్రాహాము తన భార్యను చెల్లెలని చెప్పుకున్న కథ వచ్చిన రోజున మళ్లీ అడిగింది.

“పానం మీదికొస్తే పెండ్లాం చెల్లె అయితదా అయ్యా?”

“అది విశ్వాసానికి పరీక్ష.”

“పరీక్ష ఆయనకా, ఆమెకా?”

శారా నవ్విన రోజు మాత్రం ఆమె ఏమీ అడగలేదు. ముసలితనంలో కొడుకు పుడతాడన్న మాట విని అబ్రాహాము భార్య నవ్విన కథ అది. ఈరయ్య భార్య భాగమ్మకు పిల్లల్లేరు. ఆ ఉదయం పాట ఎత్తుకోబోయి ఆమె కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది. చంద్రవ్వ మొదటిసారి లోపలికి వచ్చి, పక్కన కూర్చుని, వీపు నిమిరింది.

“ఊకో భాగమ్మా, ఊకో.”

మర్నాటి నుంచి భాగమ్మ రోజూ గిన్నెలో చాయ్ తెచ్చి గడప దగ్గర పెట్టేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు.

ఇంతలో కబురు వచ్చింది. ఆదివారం వికారాబాదు నుంచి పెద్ద పాస్టరు గారు వస్తున్నారు. ఈరయ్య ధ్యానం విని, నచ్చితే అతన్ని పాస్టరుగా అభిషేకిస్తారు. ఏళ్ల తరబడి ఈరయ్య ఎదురుచూస్తున్నది దానికోసమే. వరుస ప్రకారం ఆ రోజుకు వచ్చేది ఇరవై ఒకటో అధ్యాయం. దాసి అయిన హాగరునూ, ఆమె తనకు కన్న కొడుకునూ అబ్రాహాము ఇంట్లోంచి పంపేసిన కథ.

శనివారం సాయంత్రం చంద్రవ్వ బావి దగ్గర నీళ్లు తోడుతుంటే ఈరయ్య వెళ్లాడు.

“రేపు రాకు.”

“ఎందుకు?”

“పెద్ద పాస్టరు గారు వస్తున్నరు. నీ మాటలకు నొచ్చుకుంటరు.”

“దేవుని ఇంటికి ఎవలన్న రావొచ్చని మొన్న నువ్వే చెప్తివి.”

ఈరయ్య ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు.

“ఫికర్ చేయకు. రేపు నేనేం అడగ,” అని చంద్రవ్వ బిందె ఎత్తుకుని పోయింది.

ఆదివారం గది నిండిపోయింది. పాస్టరు గారు కుర్చీలో కూర్చుని బైబిలు తెరిచారు. ఈరయ్య ఇరవై రెండో అధ్యాయం మొదలుపెట్టాడు.

“మధ్యలో ఒకటి పోయిందే,” అన్నారు పాస్టరు గారు. “వరుసగానే చెప్పండి.”

తప్పలేదు. ఈరయ్య హాగరు కథ చెప్పాడు. అబ్రాహాము పొద్దున్నే లేచి రొట్టె, నీళ్ల తిత్తి ఆమె భుజానికి ఎత్తి పంపేయడం చెప్పాడు. ఎడారిలో నీళ్లు అయిపోయి, కొడుకు చావు చూడలేక ఆమె దూరంగా పోయి కూర్చున్న చోట అతను ఆగిపోయాడు. చెంపల మీద కారిన నీళ్లు తుడుచుకుని, ఆ కొడుకు బతికి విలుకాడైన దాకా మిగతా కథ గబగబా ముగించాడు. ఆడవాళ్లంతా కొంగులతో కళ్లొత్తుకున్నారు. భాగమ్మ తల ఎత్తలేదు. గడప బయట చంద్రవ్వ ఒక్కతే కళ్లార్పకుండా విన్నది.

మాట ఇచ్చినట్టే ఆమె ఏమీ అడగలేదు. పాస్టరు గారే ఆమెను చూశారు.

“అందరూ ఏడ్చారు. నీకు ఏడుపు రాలేదా అమ్మా?”

“నేనెందుకు ఏడ్వాలె అయ్యా? దేవుడు ఆమెకు బాయి చూపిచ్చిండు. కొడుకు పెద్దగయిండు, విల్లు పట్టిండు. ఇగ ఏడ్సేదుంటే గా అబ్రాహామే ఏడ్వాలె.”

పాస్టరు గారు కుర్చీలోంచి లేచారు.

“ఎంత మాట! ఇదంతా నీకు ఎవరు నేర్పారమ్మా?”

“గీ అయ్యనే,” అని ఆమె ఈరయ్యను చూపించింది.

పాస్టరు గారు ఈరయ్యను గట్టిగా కౌగిలించుకున్నారు. హాగరు కన్నీళ్లను తన కన్నీళ్లు చేసుకున్నవాడే మందకు కాపరి అన్నారు. వచ్చే నెలే అభిషేకమని అందరి ముందూ ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఎవరో బంతిపూల దండ తెచ్చి ఈరయ్య మెడలో వేశారు. చాలా రోజుల తర్వాత అతని ముఖం తేటపడింది.

బయటికి వస్తూ పాస్టరు గారు గడప దగ్గర ఆగారు. పక్కన దండతో ఈరయ్య. వెనక భాగమ్మ.

“ఇంత విశ్వాసం పెట్టుకుని ఇంకా బయట కూర్చుంటావేమమ్మా? నువ్వూ బాప్తిస్మం తీసుకో. నీకేం అడ్డం?”

“నాకేం అడ్డం లేదయ్యా,” అన్నది చంద్రవ్వ, “పోలీస్ యాక్షన్ అయిన ఏడు గీయన బాప్తిస్మానికే నేను అడ్డమైతే, ఇద్దరు పెండ్లాలు ఉండొద్దన్నరని నన్నూ నా కొడుకునూ ఎల్లగొట్టి భాగమ్మను ఉంచుకున్నడు.”